నొప్పి తగ్గిన రోజు నుంచే అసలు జాగ్రత్త

(మొదటి మారథాన్‌కు సిద్ధమవుతున్నవారి కోసం నెల్లూరులో ఒక ఆదివారం ఉదయం ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? సరే. కాళ్లు చాపుకుని కూర్చోండి, మొహమాటం ఏమీ వద్దు. పొద్దున్నే పరిగెత్తి నేరుగా ఇక్కడికే వచ్చినవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు.

ముందు ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. ఈ రోజు మంచం దిగి మొదటి నాలుగడుగులు వేసినప్పుడు మడమలోనో పిక్కలోనో మోకాలి దగ్గరో పట్టేసినట్టు అనిపించినవాళ్లు చెయ్యెత్తండి. చూశారా, సగం హాలు. ఇంకొంతమందికి ఎత్తాలనే ఉంది కానీ పక్కన ఇంటావిడ కూర్చుంది. (నవ్వులు)

నా దగ్గరికి పరుగు దెబ్బలతో వచ్చేవాళ్లలో రెండు రకాల వాళ్లు ఎక్కువ. ఒకరు కానిస్టేబుల్ ఎంపికలో 1600 మీటర్ల పరుగు కోసం ప్రాక్టీసు చేసే పిల్లలు. ఆత్మకూరు, కావలి, కందుకూరు వైపు నుంచి వస్తారు. రెండోవాళ్లు మీరు. నలభై దగ్గరపడ్డాక షుగరు రిపోర్టు చూసి నడక మొదలుపెడతారు. నడక కాస్తా పరుగవుతుంది, ఎవరో స్నేహితుడు పది కిలోమీటర్ల పరుగుకి పేరు ఇచ్చేస్తాడు, మెడల్ మెళ్లో పడుతుంది. ఇంక ఆగేదేముంది, జనవరిలో చెన్నై మారథాన్! ఇద్దరి కథా ఒకే చోట ఆగుతుంది. మొదటి రెండు నెలలు బ్రహ్మాండం, మూడో నెలలో కాలు.

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర బయలుదేరి స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటికి ఎదురుగా ముగించారు. అలా వచ్చిన కొలత అది, 1921లో దాన్నే ఖాయం చేశారు. మన లెక్కలో చెప్పాలంటే నెల్లూరులో బయలుదేరి గూడూరు చేరాక కూడా ఇంకా కాస్త మిగిలే ఉంటుంది. ఆ కాస్త దగ్గరే ఏడుపొస్తుందని పరిగెత్తినవాళ్లు చెప్తారు.

సరే, మూడో నెలలోనే ఎందుకు? ఒంట్లో ఒక్కో భాగం ఒక్కో వేగంతో పరుగుకి అలవాటు పడుతుంది. రక్తం, గుండె తొందరగా దారికొస్తాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఒకటి రెండు వారాల్లోనే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం తోస్తుంది. అందుకే ఆయాసం అంత త్వరగా తగ్గుతుంది. కండరానికి కొన్ని వారాలు కావాలి. టెండన్లకి, అంటే కండరాన్ని ఎముకకి కలిపే పట్టీలకి, ఎముకలకి నెలలు కావాలి. రెండో నెల చివరికి మీ ఊపిరి 'ఇంకో అయిదు కిలోమీటర్లు కొట్టేద్దాం' అంటుంది. కింద ఎముక ఇంకా మొదటి నెల దూరానికే సర్దుకుంటూ ఉంటుంది.

ఎముక సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతాదంతా మీరే చెప్పగలరు. పరిగెత్తినప్పుడు ఎముకలో కంటికి కనపడని సన్నటి పగుళ్లు పడతాయి. అది జబ్బేమీ కాదు, ఎముక బలపడే దారే అది. ముందు ఒక రకం కణాలు వచ్చి, దెబ్బతిన్న చోట పాత ఎముకని తొలిచేస్తాయి. ఆ పనికి సుమారు మూడు వారాలు. తర్వాత ఇంకో రకం కణాలు వచ్చి అక్కడ కొత్త ఎముకని నింపుతాయి. నింపి గట్టిపడేసరికి మూడు నాలుగు నెలలు. పోర్టుకి లారీలు తిరిగే రోడ్ల మీద ప్యాచ్ పని చూశారుగా. పాడైన తారు ముందు చెక్కి తీస్తారు, దాంతో గుంత ఇంకా పెద్దదవుతుంది, ఆ తర్వాతే పూడుస్తారు. చెక్కేసి, పూడ్చకముందే లోడు లారీలు వదిలారనుకోండి, చుట్టుపక్కల బాగున్న తారు కూడా లేచిపోతుంది. స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే పడే బరువుకి ఎముకలో వచ్చే పగులు, వచ్చేది ఇలాగే. లోపల మరమ్మతు నడుస్తున్నప్పుడు, ఎముక అన్నిటికన్నా బలహీనంగా ఉన్న రోజుల్లో మనం కిలోమీటర్లు పెంచుకుంటూ పోతాం.

ఇందులో ఒక మెలిక ఉంది. కొన్ని వారాలు విశ్రాంతి ఇస్తే నొప్పి పోతుంది. ఎముక పని మాత్రం అప్పటికి పూర్తి కాదు. నడిచినా, మెట్లెక్కినా ఏమీ తెలియదు, ఊపిరి బాగుంది, బూట్లు గుమ్మంలో పిలుస్తున్నాయి. ఇక్కడే జనం రెండోసారి పడతారు. మొదటి దెబ్బ కన్నా ఈ రెండోది మొండిది. దెబ్బ నుంచి లేచాక ఎంత పరిగెత్తాలి, ఎంత వేగంగా పరిగెత్తాలి అన్నది ఊపిరిని అడగొద్దు. ఒంట్లో అన్నిటికన్నా ఆలస్యంగా కోలుకునే భాగాన్ని అడగండి. ఇవాళ నేను ఏం చెప్పినా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు కుడి ప్యాంటు కాలు మోకాలి దాకా మడవండి. చీరలో ఉన్నవాళ్లు బట్ట మీద నుంచే చూసుకోవచ్చు. మోకాలి కింద ముందువైపు ఎముక ఉంది కదా, దాని లోపలి అంచు పట్టుకోండి. చీలమండ పైనుంచి మొదలుపెట్టి బొటనవేలితో నొక్కుతూ, ఒక్కో వేలెడు జరుగుతూ పైకి రండి. తొందరపడకండి, గట్టిగానే నొక్కండి. జానెడు పొడవునా అంతా సలుపుగా, పచ్చిగా ఉంటే అది చాలావరకు షిన్ స్ప్లింట్స్. పరుగు మొదట్లో బాధపెట్టి, ఒళ్లు వేడెక్కాక కాస్త తగ్గే రకం. దూరం తగ్గించి, పిక్కల బలం పెంచుకుంటే దారికొస్తుంది. అలా కాకుండా జానెడు మేరా ఏమీ లేదు, ఒక్కచోట, రూపాయి బిళ్లంత చోట నొక్కగానే మీరు కుర్చీలోంచి లేచారంటే అది వేరే లెక్క, స్ట్రెస్ ఫ్రాక్చర్ కావొచ్చు. ఆ నొప్పి పరిగెత్తే కొద్దీ పెరుగుతుంది. తర్వాత నడకలోనూ వస్తుంది, ఆ తర్వాత రాత్రి పడుకున్నా వదలదు. ఆ దశ దాకా చూస్తూ కూర్చోకూడదు. గజ్జలో లోతుగా నొప్పి వచ్చి కుంటుతున్నా అంతే, ఆ రోజే పరుగు ఆపి డాక్టరుకి చూపించండి. తుంటి దగ్గర తొడ ఎముక పైభాగంలో పగులైతే అది ఆపరేషన్ దాకా పోగలదు.

ఆత్మకూరు వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ఎంపిక దగ్గరపడుతోంది, మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పి. ఎక్కడో ఎక్స్‌రే తీయించాడు, 'నార్మల్' అన్నారు. నార్మలే కదా అని ఇంజెక్షన్ వేయించుకుని మళ్లీ గ్రౌండుకి వెళ్లాడు. నేను వేలు పెట్టి చూస్తే సరిగ్గా రూపాయి బిళ్లంత చోటు, పైన కొంచెం ఉబ్బు కూడా. ఎంఆర్ఐలో పగులు స్పష్టంగా కనపడింది. ఎక్స్‌రే తప్పు కాదండీ. ఈ రకం పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో చాలామందికి కనపడదు. అప్పుడు 'నార్మల్' అన్న మాటకి అర్థం ఇంకా కనపడలేదని మాత్రమే. ఆ ఎంపిక పోయింది, వాళ్ల నాన్న నా మీద మండిపడ్డాడు కూడా. పిల్లాడు మాత్రం తర్వాతి నోటిఫికేషన్‌కి మళ్లీ వచ్చాడు, ఈసారి నొప్పి రాకముందే.

'మేడమ్, పుత్తూరు కట్టు వేయించుకోమంటారా?' అని వారానికి ఒకరైనా అడుగుతారు. ఈ పగులులో ఎముక పక్కకి జరగలేదు, సరిచేసి కట్టడానికేమీ లేదు. దానికి కావాల్సింది బరువు తగ్గించడం, సమయం. కట్టు వేసుకుని పరుగు మానకపోతే కట్టు ఏం చేస్తుంది? పరుగుకి ముందు నొప్పి మాత్ర వేసుకోవడం అంతకన్నా చెడ్డ అలవాటు. కాలు చెప్పే మాట మీకు వినపడకుండా చేస్తుంది. పైగా మన ఎండలో చెమట కారి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీల మీద పడతాయి. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ గురించి నేను మీకు చెప్పాలా!

ఆడవాళ్లకి ఒక మాట, మగవాళ్లు కూడా వినండి, ఇంట్లో వంట దగ్గర పనికొస్తుంది. బరువు తగ్గాలని అన్నం మానేసి, వారానికి రెండు ఉపవాసాలుండి, వాటి పైన కిలోమీటర్లు పెంచితే ఎముక కట్టడానికి సరుకు ఎక్కడి నుంచి వస్తుంది? నెలసరి తప్పుతోందంటే 'పరుగు వల్ల అంతేలే' అని సర్దుకోవద్దు. తిండి చాలట్లేదని ఒళ్లు వేస్తున్న కేక అది. ఎముక పలచబడే దారి అక్కడే మొదలవుతుంది. రాగుల్లో 100 గ్రాములకి 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది, రాగి సంకటి మనకేం కొత్త కాదు. ముల్లుతో సహా తినే నెత్తళ్లు నెల్లూరులో దొరక్కపోతే ఇంకెక్కడ దొరుకుతాయి? డి విటమిన్ ఒకసారి పరీక్ష చేయించుకోండి. ఇంత ఎండ ఉన్నా మన దేశంలో అది తక్కువగా ఉండేవాళ్లు చాలామంది. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ సంగతి కూడా డాక్టరుకి చెప్పండి. ఫ్లోరైడు ఎక్కువైన ఎముక చూడ్డానికి చిక్కగా ఉన్నా పెళుసుగా ఉండొచ్చు.

ఇంక తిరిగి రావడం. డాక్టరు సరేనన్నాక మొదటి పరీక్ష పరుగు కాదు, నడక. అరగంట చురుగ్గా నడవండి. నడుస్తున్నప్పుడు, ఆ రాత్రి, మర్నాడు పొద్దున, మూడు వేళలా ఏమీ లేకుండా కొన్ని రోజులు గడవాలి. అప్పుడు ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడక, అరగంట పాటు. రోజు విడిచి రోజు. అది నెమ్మదిగా రెండు నిమిషాల పరుగు, మూడు నిమిషాల నడక అవుతుంది, అలా పోగా పోగా అరగంట ఏకధాటి పరుగు. వారాలు పడుతుంది, నాకు తెలుసు. ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో మీ పక్కనుంచి అందరూ దూసుకుపోతుంటే మీరు నడవాలి, సిగ్గుగా ఉంటుంది. ఫోను చూస్తున్నట్టు నటించండి, ఎవరూ ఏమీ అనుకోరు. (నవ్వులు)

నొప్పి ఎంత వరకు పర్వాలేదు? ఇది అందరికీ ఒకటే కాదు, అందుకే ఏ దెబ్బో ముందు తేలాలి. ఎముక పగులైతే సున్నా. కొంచెం నొప్పి అనే మాటే లేదు. మడమ పైన గట్టిగా చేతికి తగిలే టెండన్ నొప్పయితే వేరే రకం. దానికి పూర్తి విశ్రాంతి ఇస్తే ఇంకా నీరసిస్తుంది. బరువు పెడితేనే బాగుపడుతుంది. అక్కడ పదికి రెండు మూడు పాళ్ల నొప్పి ఉన్నా కానివ్వొచ్చు, మర్నాటి పొద్దునకి అది మామూలు స్థాయికి దిగాలి. దిగలేదంటే నిన్న చేసింది ఎక్కువైందని లెక్క. మర్నాటి పొద్దున చెప్పే తీర్పు వాచీ చెప్పదు.

పెంచేటప్పుడు దూరం, వేగం రెండూ ఒకే వారం పెంచకండి. వారానికి పది శాతం అనే సూత్రం మీరంతా వినే ఉంటారు. దాన్ని శాసనంలా పట్టుకోకండి. వారానికి అయిదు కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లకి పది శాతం అంటే అర కిలోమీటరు, నలభై పరిగెత్తేవాళ్లకి నాలుగు. ఇద్దరి కాళ్లూ ఒకటి కావు. అడుగు కాస్త పొట్టి చేసి, నిమిషానికి వేసే అడుగులు అయిదు నుంచి పది శాతం పెంచితే మోకాలి మీద పడే భారం తగ్గుతుంది. ఇది డబ్బు ఖర్చు లేని వైద్యం. రోడ్డు నడిమి నుంచి అంచుకి వాలుగా ఉంటుంది కాబట్టి ఎప్పుడూ ఒకే పక్కన పరిగెత్తితే ఒక కాలు రోజూ పల్లంలో పడుతుంది. జొన్నవాడ దాకా, నరసింహకొండ దాకా లాంగ్ రన్‌కి వెళ్లేవాళ్లు ఇది గమనించండి. కాలవగట్ల మీద చదునైన మట్టిబాట దొరికితే అంతకన్నా మంచిది లేదు.

పరుగు లేని రోజుల్లో సైకిల్ తొక్కండి. ఈత కొలను అందుబాటులో ఉంటే లోతు నీళ్లలో నడుముకి బెల్టు కట్టుకుని పరిగెత్తినట్టు కాళ్లు ఆడించండి. గుండెకి పని దొరుకుతుంది, ఎముక మీద దెబ్బ పడదు. ఊపిరి నిలబడుతుంది. అదే మళ్లీ మిమ్మల్ని ఆశపెడుతుంది, అది వేరే సంగతి.

వాట్సాప్‌లో తిరిగే ఒక కథ ఉంది, మీలో చాలామంది నాకే పంపించారు. జోన్ బెనాయిట్ అనే అమెరికా అమ్మాయికి 1984లో మోకాలికి ఆపరేషన్ జరిగింది. 17 రోజులకే ఒలింపిక్ ఎంపిక మారథాన్ గెలిచింది. ఆ ఆగస్టులో లాస్ ఏంజిలెస్‌లో, ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టిన ఆడవాళ్ల మారథాన్ కూడా 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. అంతా నిజమే. కానీ ఆవిడకి అయింది చిన్న కోతతో చేసే ఆపరేషన్, మోకాల్లో రాసుకుంటున్న కణజాలం తీసేశారు, ఎముక విరగలేదు. అంతకు ముందు ఏడాదే బోస్టన్‌లో ప్రపంచంలోనే అత్యుత్తమ సమయం నమోదు చేసిన మనిషి. ఏళ్ల తరబడి పరిగెత్తిన కాళ్లు అవి. పోయినేడాది సంక్రాంతికి నడక మొదలుపెట్టిన మనం ఆ 17 రోజుల్ని పట్టుకుని వేళ్లాడితే ఎలా?

ఇప్పుడు క్యాలెండర్ తీయండి. మనకి దగ్గర్లో చెన్నై, జనవరి. హైదరాబాద్ ఆగస్టు చివర. హైదరాబాద్‌కి వెళ్లాలంటే ఏప్రిల్, మే, జూన్‌లలో దూరాలు పెంచాలి, అంటే మన ఎండల్లో. దెబ్బ నుంచి లేచినవాళ్లకి నేను చెన్నైనే చెప్తాను. దానికీ ఒక చిక్కుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు. అసలైన లాంగ్ రన్‌లు పడే వారాలు అవే. తుపాను పట్టి వారం పోయిందా, పోయినట్టే వదిలేయండి. ఆ వారం కిలోమీటర్లు తర్వాతి వారంలో కలిపి కొట్టడం వల్లే నవంబరు చివర్లో నా గది నిండుతుంది. అరగంట ఏకధాటిగా పరిగెత్తగలిగిన రోజు నుంచి మారథాన్‌కి కనీసం అయిదారు నెలలు చేతిలో ఉంచుకోండి. అంత సమయం లేదా, ఈ జనవరికి పది కిలోమీటర్లకో హాఫ్ మారథాన్‌కో పేరు మార్చుకోండి. పేరు మార్చుకోవడం పరువు తక్కువేమీ కాదు. మొదటి మారథాన్‌కి ప్రాక్టీసులో పూర్తి 42 పరిగెత్తాల్సిన పనిలేదు. నెమ్మదిగా పరిగెత్తేవాళ్లకి మూడు గంటల లాంగ్ రన్ చాలు, ఆపైన వచ్చే లాభం కన్నా కోలుకోవడానికి పట్టే రోజులే ఎక్కువ.

ప్రశ్నలా? అడగండి.

ఐసు పెట్టాలా వద్దా అంటున్నారు అన్న. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తిపెట్టడం అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చింది గేబ్ మిర్కిన్ అనే డాక్టరు. 2014లో ఆయనే, ఐసు వల్ల దెబ్బ మానడం ఆలస్యం కావొచ్చని రాశారు. నొప్పి బాగా ఉన్నప్పుడు కాసేపు పెట్టుకుంటే హాయి, అంతవరకే. పగలంతా ఐసు మూట మోసుకు తిరగొద్దు.

మైపాడు ఇసకలో పరిగెత్తితే మెత్తగా ఉంటుంది కదా? ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు కొత్తపట్నం బీచ్ గురించి ఇదే అడిగారు. ఇసక మెత్తనే గానీ, కాలు దిగబడిన ప్రతిసారీ పిక్క, మడమ టెండన్ ఎక్కువ పని చేయాలి. పైగా ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది. కోలుకునే రోజుల్లో అక్కడ నడవండి, పిల్లల్ని ఆడించండి, బజ్జీలు తినండి. పరుగు తర్వాత.

బూట్ల సంగతి. ఖరీదైన బూటు దెబ్బ తగలకుండా ఆపుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. మీ కాలికి హాయిగా ఉన్నది కొనుక్కోండి. బొటనవేలి ముందు కొంచెం చోటు ఉండాలి, ఎండలో పాదం ఉబ్బుతుంది. మన దేశపు మారథాన్ రన్నర్ శివనాథ్ సింగ్ ఉత్త కాళ్లతో పరిగెత్తేవాడు కదా అంటారేమో. నిజమే, 1978లో జలంధర్‌లో ఆయన 2 గంటల 12 నిమిషాలకి పెట్టిన జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకి పైగా నిలిచింది. ఆయన పాదాలకి చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు అది. మీరు రేపు పొద్దున బూట్లు విప్పి మినీబైపాస్ మీద బయలుదేరకండి.

'ఈ వయసులో నిన్నెవరు తరుముతున్నారు' అని ఇంట్లో అంటున్నారా అక్కా? దానికి నా దగ్గర మందు లేదు. మా ఇంట్లో కూడా అదే మాట. (నవ్వులు)

సరే, కూర్చున్నది చాలు. బయట వరండా మెట్ల దగ్గరికి రండి. బూట్లు విప్పేసి, మెట్టు అంచు మీద పాదం ముందు సగం ఆనించి, గోడకి రెండు వేళ్లు తగిలించి, ఒంటికాలి మీద మడమ పూర్తిగా పైకెత్తి నిదానంగా దించాలి. ఒక్కో కాలికి 25 రావాలి. మధ్యలో ఊగినా, మోకాలు వంచినా లెక్కలోకి రాదు, నేను పక్కనే ఉండి లెక్కపెడతాను. దెబ్బ తగిలిన కాలికీ మంచి కాలికీ ఎంత తేడా ఉందో కాగితం మీద రాసుకోండి. కాలు ఇంకా నొప్పిగా ఉన్నవాళ్లు, ఇందాక రూపాయి బిళ్లంత చోట కుర్చీలోంచి లేచినవాళ్లు ఈ పరీక్ష చేయొద్దు. ఇద్దర్ని చూశాను. మీరిద్దరూ ఇక్కడే ఆగండి, ముందు మీతో మాట్లాడాలి.